రఫ్ఫు చేస్తే చేశామని చెప్పండి: ఫోన్‌లో పోయిన మాటల గురించి ఒక బహిరంగ లేఖ

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అధికారులకు, కేంద్ర టెలికాం శాఖ వారికి, మొబైల్ కంపెనీల నెట్‌వర్క్ ఇంజినీర్లకు, ఫోన్లలో మాటను విప్పే డీకోడర్లు రాసేవారికి,

నమస్కారం. ఈ చివరి జాబితాలో హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ కూర్చుని పనిచేసే మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. ఈ లేఖ వాళ్లు చదివితే నాకు సగం పని అయినట్టే.

నేను టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. స్తంభాలెక్కడం దగ్గర్నుంచి డిజిటల్ ఎక్స్ఛేంజి కార్డులు మార్చడం దాకా చేశాను. ఇప్పుడు కోనసీమలో మా ఊళ్లోనే, కొబ్బరి తోటల మధ్య ఉంటున్నాం. సిగ్నల్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

జరిగింది ఇది. మా అమ్మకు షుగర్ ఉంది, ఎనభై దాటింది. ఆసుపత్రిలో నాలుగు రోజులుంచి ఇంటికి పంపారు. మర్నాడు సాయంత్రం అక్కడి నర్సు ఫోన్ చేసి, రక్తపరీక్ష రిపోర్టు చూసి డాక్టరుగారు ఇన్సులిన్ మార్చారని, రేపు పొద్దున్నుంచి ఎన్ని యూనిట్లు వేయాలో చెప్పింది. ఫోన్ ఎత్తింది మా ఆవిడ. గరగర లేదు, కోత లేదు, మాట శుభ్రంగా వినిపించింది. క్యాలెండర్ అంచున పెన్నుతో ‘60’ అని రాసుకుంది.

పొద్దున్న నేను సిరంజి తీశాను. ఎర్ర మూత సిరంజి, మన దగ్గర దొరికే మామూలు రకం. దాని మీద ఉండేవే 40 గీతలు. అరవై అందులో పట్టవు. ‘రెండుసార్లు గుచ్చమన్నారేమో’ అంది మా ఆవిడ. నిన్నటిదాకా వేసింది 16 యూనిట్లు. నాకు చెయ్యి ఆడక ఆసుపత్రికి ఫోన్ చేశాను. ‘ఇరవై సార్! అరవై ఏంటి సార్!’ అని ఆ అమ్మాయి వణికిపోయింది.

సిరంజికి 40 గీతలే ఉండబట్టి మా అమ్మ ఉంది. ఆ మాట ఇప్పటికీ ఇంట్లో ఎవరమూ పైకి అనం.

నా ఫోన్‌లో కాల్స్ వాటంతటవే రికార్డవుతాయి. ఆ ముక్క తీసి, మేనల్లుడి చేత వేగం తగ్గించి వినిపించుకున్నాను. ‘పొద్దున్న’ తర్వాత చిన్న ఊపు, ఆ వెంటనే సన్నటి ఊపిరిలాంటి చప్పుడు, తర్వాత ‘రవై యూనిట్లు’. ‘ఇ’ లేదు, ‘అ’ కూడా లేదు. ఉన్నది చదునైన ఒక నునుపు. మా ఆవిడ చెవి దాన్ని ‘అ’ చేసుకుంది. మీ చెవి ‘ఇ’ చేసుకునేదేమో.

కంపెనీకి ఫిర్యాదు చేశాను. మూడో రోజు ‘మీ ఏరియాలో నెట్‌వర్క్ నార్మల్‌గా ఉంది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. అప్పీలుకు వెళ్లాను. ఆ జవాబు ఇంకా బాగుంది. ఆ కాల్ మధ్యలో తెగలేదట, 3 నిమిషాల 40 సెకన్లు సాగిందట, అందువల్ల సేవలో లోపం లేదట. ట్రాయ్‌కు రాద్దామంటే, విడివిడి ఫిర్యాదుల మీద తీర్పు చెప్పే పని ట్రాయ్‌ది కాదు, కంపెనీకే పంపుతుంది. మూడు నెలలు ఇలా తిరిగాక అందరి ముందూ రాస్తున్నాను.

ఒక మాట ముందే ఒప్పుకుంటాను. ఆ ‘ఇ’ పోయింది ప్యాకెట్, అంటే మాటను కోసి పంపే చిన్న ముక్క, దారిలో పోవడం వల్లే అని నేను నిరూపించలేను. నిరూపించే దారి లేకుండా చేశారన్నదే నా ఫిర్యాదు.

సంగతి తెలియని మామూలు జనం కోసం కొంచెం వివరంగా చెబుతాను. ఇవాళ ఫోన్‌లో మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. సెకనుకు 50 ముక్కలు. ఒక్కో ముక్కను కుదించి, వరస నంబరు వేసి, ప్యాకెట్‌లో పెట్టి పంపుతారు. అవతలి ఫోన్‌లోని డీకోడర్ వాటిని వరసలో పెట్టుకుని విప్పుతుంది. దారిలో పోయినా, ఆలస్యంగా వచ్చినా ఒకటే. దాని వంతు వచ్చేసరికి చేతిలో లేకపోతే పోయినట్టే లెక్క. నంబర్లు ఉంటాయి కాబట్టి ఏ ముక్క రాలేదో డీకోడర్‌కు కచ్చితంగా తెలుసు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మిగతా లేఖంతా దాని మీదే నడుస్తుంది.

ఖాళీని ఖాళీగా వదిలేస్తే చెవిలో టక్‌టక్ మంటుంది, వినలేం. అందుకని డీకోడర్ అంతకుముందు వచ్చిన ధ్వనిని చూసి, దానిలాంటిదే ఒకటి అల్లి అక్కడ పెడుతుంది. దీని పేరు ప్యాకెట్ లాస్ కన్సీల్‌మెంట్. పోయినదాన్ని కనబడకుండా కప్పేయడం అని పేరులోనే ఉంది. నేను మాత్రం రఫ్ఫు అంటాను. పట్టుచీరకు చిరుగు పడితే పక్క పోగులే లాగి, చిరుగు కనబడకుండా నేస్తారు చూడండి, అచ్చం అదే పని.

పాత రఫ్ఫు ఎలా ఉండేదో మీకు నాకన్నా బాగా తెలుసు. జి.711 అనే పాత కోడెక్‌కు (కోడెక్ అంటే మాటను కుదించి, మళ్లీ విప్పే పద్ధతి) 1999లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఒక అనుబంధం చేర్చింది. గొంతు తరంగంలో చివరి ఆవృత్తాన్ని తీసుకుని మళ్లీ మళ్లీ వాయిస్తుంది. మొదటి 10 మిల్లీసెకన్లు అదే బిగ్గరతనంతో, తర్వాత ప్రతి 10కీ 20 శాతం చొప్పున తగ్గిస్తూ, 60 మిల్లీసెకన్లకు పూర్తిగా నిశ్శబ్దం. అది నిజాయితీ గల పద్ధతి. తెలియనిది ఎక్కువైతే నోరు మూసుకునేది. అదే ఏడాది ప్రమాణమైన ఏఎంఆర్ కోడెక్‌లోనూ దాదాపు అదే నీతి. పోయిన ముక్కకు పాత ముక్క లెక్కలే వాడి, పోతున్న కొద్దీ గొంతు తగ్గించడం. అందులో ఇంకో ఇబ్బంది ఉంది. ఆ రకం డీకోడర్ గతాన్ని గుర్తుపెట్టుకుని పనిచేస్తుంది. ఒక ముక్క పోతే దాని జ్ఞాపకం తప్పుతుంది కాబట్టి, ఆ వెనక వచ్చిన మంచి ముక్కలు కూడా కాసేపు వంకరగానే విప్పుకుంటాయి. పోయింది 20 మిల్లీసెకన్లే, చెడింది అంతకన్నా ఎక్కువ.

అన్నిటికన్నా కష్టమైన చోటు మాట మొదలు. ఎవరూ మాట్లాడనప్పుడు ఫోన్ ముక్కలు పంపడం మానేసి, అప్పుడప్పుడు సన్నటి హోరు వివరాలు మాత్రం పంపుతుంది. మనిషి నోరు తెరిచిన తొలి ముక్క పోతే, డీకోడర్ చేతిలో సాగదీయడానికి ఆ హోరు తప్ప ఏమీ ఉండదు. ‘ఇరవై’లో ‘ఇ’ మా ఇంట్లో అలాగే పోయి ఉంటుందని నా అనుమానం. మా నర్సమ్మ ‘పొద్దున్న’ అని కాస్త ఆగి చెప్పింది పాపం, బాగా అర్థం కావాలని.

ఇప్పుడొచ్చేది కొత్త రఫ్ఫు. 2020లో గూగుల్ తన కాలింగ్ యాప్ డ్యువోలో వెళ్లే కాల్స్‌లో వేవ్‌నెట్‌ఈక్యూ అనే పద్ధతి పెట్టింది. పాత ముక్కను వాయించకుండా, మనుషుల మాటలు విని నేర్చుకున్న యంత్రం తర్వాత రాబోయే ధ్వనిని తానే పుట్టిస్తుంది. అప్పుడు వాళ్లే చెప్పిన లెక్కల ప్రకారం, డ్యువో కాల్స్‌లో 99 శాతం ఏదో ఒక మేర ప్యాకెట్ల నష్టమో ఆలస్యమో ఎదుర్కొన్నవే. వాటిలో 20 శాతం కాల్స్ మొత్తం ధ్వనిలో 3 శాతానికి పైగా, 10 శాతం కాల్స్ 8 శాతానికి పైగా పోగొట్టుకున్నవి. అయిదు నిమిషాల కాల్‌లో 8 శాతమంటే 24 సెకన్లు. అయితే ఆ ఇంజినీర్లు ఒక హద్దు పెట్టుకున్నారు. యంత్రం కల్పించేది 120 మిల్లీసెకన్ల దాకానే, ఆపైన మెల్లగా నిశ్శబ్దంలోకి జారిపోతుంది. లేని మాటలు పుట్టకూడదని పెట్టుకున్న హద్దు అది. అందుకు వాళ్లకు నమస్కారం. కానీ అది వాళ్లంతట వాళ్లు గీసుకున్న గీత. రేపు ఇంకొకరు దాన్ని చెరిపేస్తే అడ్డుకునే నియమం నాకు ఎక్కడా కనబడలేదు. ఇంటర్నెట్ కాల్స్‌లో వాడే ఓపస్ అనే కోడెక్‌కు 2024 మార్చిలో వచ్చిన 1.5 వెర్షన్‌లో కూడా న్యూరల్ నెట్‌వర్క్‌తో చేసే రఫ్ఫు ఉంది. అందరి ఫోన్లలోకీ ఈ పనితనం వచ్చేస్తుంది.

మా కాలంలో లైను బాగోకపోతే గరగరలాడేది. ఎవరికీ టెన్షన్ లేదు, ‘వినబళ్లేదు, మళ్లీ చెప్పండి’ అనేవారు. ట్రంకు కాల్ ఆపరేటర్లు నంబరు తీసుకుంటే ఒక్కో అంకే తిరిగి చదివేవారు, అది వాళ్లకు ఊపిరంత అలవాటు. ఆ గరగరే మమ్మల్ని జాగ్రత్తగా ఉంచింది. మీరు గరగర తీసేశారు, సంతోషం. దాంతోపాటే హెచ్చరిక కూడా పోయింది.

మనిషి చెవి కూడా ఇందులో మీకు తోడుదొంగ. 1970లో రిచర్డ్ వారెన్ అనే శాస్త్రవేత్త, రికార్డు చేసిన ఒక ఇంగ్లిషు వాక్యంలో ఒక్క శబ్దాన్ని తీసేసి అక్కడ దగ్గు పెట్టాడు. విన్న 20 మందిలో 19 మంది ఏ శబ్దమూ పోలేదన్నారు. ఖాళీలో ఏదో ఒక చప్పుడుంటే చాలు, మిగతాది మెదడే పూర్తిచేసుకుంటుంది. అంటే ఒకే మాటకు రెండు రఫ్ఫులు, ఒకటి ఫోన్‌లో, ఇంకొకటి తలలో. రెండూ అయ్యాక మనిషి ‘నేను నా చెవులతో విన్నాను’ అని ప్రమాణం చేస్తాడు. మా ఆవిడ చేసింది. ఆమెను తప్పుపట్టినందుకు నేను ఆ రాత్రే క్షమాపణ చెప్పుకున్నాను.

దీనివల్ల మామూలు జనానికి జరుగుతున్నదేమిటో వరసగా చెబుతాను.

1. అంకెలు. అరవై, ఇరవై అనే రెండు మాటలకు తేడా మొదటి అచ్చు ఒక్కటే. ఎనభైకీ తొంభైకీ తోక ఒకటే. ఇంగ్లిషులో ‘ట్వెంటీ’, ‘సిక్స్‌టీ’ అంటే మొదటి ముక్క పోయినా కొంత ఆనవాలు మిగులుతుంది, తెలుగులో ‘రవై’ ఒక్కటే మిగులుతుంది. మందుల మోతాదులు, ధాన్యం బస్తాలు, వడ్డీ లెక్కలు, బస్సు టైములు మన ఊళ్లలో ఇప్పటికీ నోటిమాట మీదే నడుస్తాయి.

2. వద్దు, వచ్చు. ఇది మీ భాషా పరీక్షల్లో ఎవరికైనా తట్టిందా? ‘ఆ మాత్ర వేయొద్దు’, ‘ఆ మాత్ర వేయొచ్చు’. మొదట ‘వేయొ’, చివర ‘ఉ’, రెండిటికీ ఒకటే. తేడా అంతా మధ్యలో ఒత్తక్షరంలో ఉంది. ఒత్తు పలికేటప్పుడు నాలుక గాలిని ఆపి పట్టుకుంటుంది, ఆ కాసేపు ధ్వని దాదాపు ఉండదు. విడిచినప్పుడే అది ‘ద్ద’యో ‘చ్చ’యో తెలుస్తుంది. సరిగ్గా అక్కడ నాలుగైదు ముక్కలు పోతే డీకోడర్ ‘ఒ’నే సాగదీసి ‘ఉ’కు అతికిస్తుంది. వినేవాడికి వచ్చేది ‘వేయొఉ’. తనకు ఏది ఇష్టమో అదే వింటాడు. పైన చెప్పిన 120 మిల్లీసెకన్ల హద్దు ఎంత మంచిదైనా, ఒక ఒత్తును మింగడానికి అది చాలు. చెయ్యొద్దు, చెయ్యొచ్చు; వెళ్లొద్దు, వెళ్లొచ్చు; అమ్మొద్దు, అమ్మొచ్చు. ఒక భాషలో అవునుకూ కాదుకూ మధ్య ఇంత సన్నటి గోడ ఉంటే, ఆ గోడ దగ్గర రఫ్ఫు చేసేవాడు రెండింతలు జాగ్రత్తగా ఉండాలి కదా.

3. పంపాను, పంపను. మా జిల్లా నుంచీ కడప వైపు నుంచీ కువైట్ వెళ్లిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ఇంటికి ఫోన్ అంటే ఎక్కువగా ఇంటర్నెట్ కాలే. ‘డబ్బు పంపాను’, ‘డబ్బు పంపను’ – ఒక్క దీర్ఘం తేడా. అలాంటి కాల్స్‌లో డీకోడర్ పక్కనే వచ్చిన ముక్కలను కాసేపు పట్టి ఉంచే బఫర్ ఉంటుంది, అది ముక్కలు ఆలస్యమైతే ధ్వనిని సాగదీస్తుంది, గుట్టగా వచ్చిపడితే గబగబా కుదిస్తుంది. ఇంగ్లిషులో అచ్చు కాస్త సాగితే మాట్లాడేవాడు నీరసంగా ఉన్నాడనుకుంటారు. మనకు మొత్తం అర్థమే తిరగబడుతుంది. మా పక్కింటావిడ చెల్లెలు కువైట్‌లో ఉంది. ఆ అక్కాచెల్లెళ్లు ఇలాంటి ఒక్క వాక్యం మీద నెల రోజులు మాట్లాడుకోలేదు. అది నెట్‌వర్క్ తప్పో మనసుల తప్పో నేను చెప్పలేను, వాళ్లకూ తెలియదు.

4. ప్రాణం మీదికొచ్చిన కాల్స్. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఆ నంబరుకు ఫోన్ చేసేవాడు ఏడుస్తూ, పరిగెత్తుతూ, టవర్ అంచున నిలబడి చేస్తాడు. కోనసీమలో ఎన్ని ఊళ్ల పేర్లు ‘లంక’తో ముగుస్తాయో లెక్కపెట్టండి. ఏ లంకో చెప్పేది మాట మొదలే, రఫ్ఫు అన్నిటికన్నా బలహీనంగా ఉండేదీ అక్కడే. అటువైపు కూర్చున్నవారికి తాము విన్న పేరులో మొదటి అక్షరం యంత్రం అల్లినదని తెలిస్తే ‘ఏ లంకమ్మా, మళ్లీ చెప్పు’ అని అడగడానికి రెండు సెకన్లు చాలు. తెలియకపోతే బండి ఏటికి అవతల తేలుతుంది.

5. ముసలివాళ్లు. వినికిడి తగ్గిన మనిషికి అతుకు తెలియదు సరే, చుట్టూ ఉన్నవాళ్లకు కూడా తెలియదు. ‘నాన్నకు చెవుడు ముదిరింది’ అని తేల్చేస్తారు. ఇంట్లో అందరి మధ్యా బాగానే వినే మా పెదనాన్న ఫోన్‌లో మాత్రం తప్పులు వింటాడు. ఆయనిప్పుడు ఫోన్ ఎత్తడమే మానేశాడు.

6. సాక్ష్యం. నా దగ్గరున్న రికార్డింగ్ రఫ్ఫు అయ్యాక రికార్డయినది. అందులో ఏది మనిషి గొంతు, ఏది యంత్రం అల్లింది అనే గుర్తు లేదు. రేపు అప్పు గొడవలోనో బెదిరింపు కేసులోనో ఇలాంటి రికార్డింగ్ పెట్టుకుని ‘వేయొద్దు’ అన్నాడా ‘వేయొచ్చు’ అన్నాడా అని వాదించుకుంటారు. కొత్త రకం రఫ్ఫు ఎంత సహజంగా ఉంటే ఆ వాదన అంత ప్రమాదం.

ఇక లెక్కల సంగతి. ట్రాయ్ కొత్త సేవా నాణ్యతా నియమాలు 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 4జీ, 5జీలలో వెళ్లే దారిలోనూ వచ్చే దారిలోనూ ప్యాకెట్ల నష్టం 2 శాతం మించకూడదని వాటిలో ఉంది. మంచిదే. కానీ అయిదు నిమిషాల కాల్‌లో 15,000 ముక్కలు. 2 శాతమంటే 300 ముక్కలు, అంటే 6 సెకన్ల మాట. ఆ 300 ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి పోతే రఫ్ఫు అద్భుతంగా పనిచేస్తుంది, ఎవరికీ నష్టం లేదు. గుత్తులుగా పోతే వాక్యాలకు వాక్యాలే పోతాయి. సగటు రెండిటికీ ఒకటే. పైగా నెట్‌వర్క్ వైపు లెక్క నెట్‌వర్క్‌లో పోయిన వాటిదే. ఫోన్ దాకా వచ్చి, ఆలస్యమైందని ఫోనే పారేసిన ముక్కలు ఆ లెక్కలో పడవు. చెవికి రెండూ ఒకటే.

కాల్ తెగితే కనీసం అందరికీ తెలుస్తుంది. 2015లో ట్రాయ్, కాల్ తెగితే రూపాయి చొప్పున రోజుకు మూడు రూపాయల దాకా పరిహారం ఇవ్వాలని నియమం పెట్టింది. 2016 మే 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు మంచిచెడ్డలు నేను మాట్లాడను. తెగని కాల్‌లో పోయిన మాటకు మాత్రం రూపాయి కాదు, పేరు కూడా లేదు. రఫ్ఫు బాగా కుదిరేకొద్దీ కంపెనీకి తెగిన కాల్స్ తగ్గుతాయి, ఫిర్యాదులు తగ్గుతాయి, టవర్ పెట్టాల్సిన తొందర కూడా తగ్గుతుంది. ఇది ఎవరో కుట్ర చేశారని నేననను. కానీ లాభం ఏ వైపు ఉందో చూడండి.

నేను రఫ్ఫు మానేయమని అడగడం లేదు. అది లేకపోతే మా ఊళ్లో ఫోన్ వినలేం, ఆ సంగతి నాకన్నా ఎవరికి తెలుసు. నేను అడిగేవి ఇవి.

1. వినేవాడికి చెప్పండి. వరసగా మూడు ముక్కలకు మించి, అంటే 60 మిల్లీసెకన్లు దాటి అల్లిన ప్రతిసారీ ఫోన్ ఏదో ఒక గుర్తు ఇవ్వాలి. తెర మీద చుక్క కావచ్చు, సన్నటి టిక్ చప్పుడు కావచ్చు, చేతిలో చిన్న వణుకు కావచ్చు. తెర చూడకుండా చెవి దగ్గర పెట్టుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి చప్పుడో వణుకో మేలు. వద్దనుకున్నవాళ్లు ఆపేసుకుంటారు. ‘కస్టమర్లు చిరాకుపడతారు’ అనకండి. సైకిల్ బెల్లు కూడా చిరాకే.

ఇది కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. బ్రౌజర్లలో కాల్స్ నడిపే వెబ్‌ఆర్‌టీసీలో ‘కన్సీల్డ్ శాంపిల్స్’, ‘కన్సీల్‌మెంట్ ఈవెంట్స్’ అని లెక్కలు ఇప్పటికే ఉన్నాయి. ఎంత ధ్వని అల్లారో, ఎన్నిసార్లు అల్లారో యంత్రం రాసుకుంటూనే ఉంది. ఇంజినీరు చూడగలిగే అంకెను మా ఆవిడ ఎందుకు చూడకూడదు?

2. చెవి దగ్గర కొలవండి. నష్టం సగటుతో ఆగకుండా, గుత్తుల పొడవు, ఫోన్ పారేసిన ఆలస్యపు ముక్కలు, మొత్తం కాల్‌లో అల్లిన ధ్వని శాతం కొలిపించండి. గుత్తులను, పారేసిన ప్యాకెట్లను విడిగా నివేదించే పద్ధతి 2003 నుంచే ఇంటర్నెట్ ప్రమాణాల్లో ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 3611 తీసి చూడండి. ఆ అంకెలు మండలాల వారీగా బయట పెట్టండి.

3. ఊహించే బదులు రెండోసారి పంపండి. 2014లో వచ్చిన ఈవీఎస్ కోడెక్‌లో సెకనుకు 13.2 కిలోబిట్ల వేగం దగ్గర ఒక పద్ధతి ఉంది. అదే 13.2లో, ముందు ముక్కల్లో ముఖ్యమైన వాటి కుదించిన నకలును ఆ తర్వాత వచ్చే ఇంకో ముక్కతో కలిపి పంపుతుంది. అదనంగా ఒక్క బిట్టూ ఖర్చు లేదు. ఓపస్ 1.5లో ‘డ్రెడ్’ అనే పద్ధతితో గడిచిన ఒక సెకను దాకా మాటను చిన్న నకలుగా వెంట పంపొచ్చు. ఇవి పోయిన అసలు మాటను తిరిగి తెస్తాయి, ఉజ్జాయింపుగానైనా సరే. ఉన్న పరికరాల్లో ఉన్న పద్ధతులను సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట తప్పనిసరిగా ఆన్ చేయించండి. డబ్బు సమస్య అయితే 108, 112, ఆసుపత్రులు, బ్యాంకుల కాల్స్‌తో మొదలుపెట్టండి.

4. కల్పనకు గీత గీయండి. యంత్రం పుట్టించే ధ్వనికి గరిష్ఠ పొడవు ఎంతో నియమంగా రాయండి, కంపెనీల మంచితనానికి వదలకండి. పైన చెప్పిన అత్యవసర కాల్స్‌లో ఆ గీత ఇంకా దగ్గరగా ఉండాలి. తెలియనప్పుడు నిశ్శబ్దమే నయం, నిశ్శబ్దం వింటే మనిషి మళ్లీ అడుగుతాడు.

5. తెలుగులో పరీక్షించండి. ‘వినడానికి ఎంత హాయిగా ఉంది’ అని అయిదుకు మార్కులు వేయించే పరీక్ష చాలదు. హాయిగా ఉన్న తప్పుడు మాటకు ఆ పరీక్షలో నాలుగున్నర వస్తుంది. ఏ మాట విన్నారో రాయించండి. ఇరవై, అరవై, వేయొద్దు, వేయొచ్చు, పంపాను, పంపను లాంటి జంటలతో జాబితా చేయండి. ఒత్తులు, దీర్ఘాలు, అంకెలు, ఊరిపేర్లు అన్నీ రావాలి. మా కోనసీమ ‘అండి’ సాగదీతా, తెలంగాణ పలుకూ, రాయలసీమ పలుకూ ఉండాలి. తమిళానికీ మలయాళానికీ వాళ్ల జంటలు వాళ్లకుంటాయి. మన విశ్వవిద్యాలయాల్లో భాషాశాస్త్ర విభాగాలున్నాయి, అడిగితే వారంలో జాబితా ఇస్తారు. ఇది అన్నిటికన్నా చవకైన కోరిక, అన్నిటికన్నా ఆలస్యంగా జరిగేదీ ఇదేనని నా భయం.

6. రికార్డింగ్‌లో గుర్తు పెట్టండి. కాల్ రికార్డు చేసే ప్రతి పరికరం, అల్లిన చోట్ల సమయాన్ని పక్కన రాసి ఉంచాలి.

7. ఫిర్యాదు చేస్తే ఆ కాల్ లెక్క ఇవ్వండి. ఫలానా కాల్‌లో ఎన్ని ముక్కలు పోయాయి, ఎక్కడెక్కడ, ఎంత అల్లారు అని ఒక కాగితం. ‘ఏరియాలో నెట్‌వర్క్ నార్మల్’ అనేది దానికి జవాబు కాదు. ఊళ్లో వాన పడిందా అని అడిగితే జిల్లా సగటు వర్షపాతం చెప్పినట్టుంటుంది.

డీకోడర్లు రాసే పిల్లలకు విడిగా ఒక మాట. మీ పనిని నేను తక్కువ చేయడం లేదు, ఈ వయసులో అదంతా చదివి నోరెళ్లబెట్టినవాణ్ణి నేను. కానీ మా ఊరి రఫ్ఫు సాయిబుగారు పనయ్యాక చీర మడత విప్పి, ‘ఇదిగో అమ్మా, ఇక్కడ చేశాను’ అని వేలు పెట్టి చూపించేవాడు. కనిపించకుండా నేయడం ఎంత గొప్పో, చూపించడం కూడా ఆయన పనిలో భాగమే అనుకునేవాడు. మీ కోడ్‌లో ఆ వేలు ఒక్క లైను.

ప్రస్తుతం మా ఇంట్లో మేం చేసుకున్న ఏర్పాటు ఇది. ఫోన్‌లో అంకె వింటే విడగొట్టి తిరిగి చెబుతాం, ‘రెండు, సున్నా’ అని. ‘వేయొద్దు’ అంటే ‘మానేయమంటారా’ అని వేరే మాటతో అడుగుతాం. ఆసుపత్రివాళ్లను మోతాదు మెసేజ్ పెట్టమన్నాం, పెడుతున్నారు. నర్సమ్మ ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు ‘అమ్మగారూ, రాసుకోండి’ అంటుంది, చెప్పాక ‘చదవండి’ అంటుంది. ట్రంకు కాల్ రోజుల్లో మా ఆపరేటర్లు చేసిన పనే.

మూడు నెలల నాటి నా ఫిర్యాదు సంఖ్య, అప్పీలు సంఖ్య, రికార్డింగ్ అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఎప్పుడడిగితే అప్పుడు ఇస్తాను. ఈ లేఖకు జవాబు ఇవ్వదలిస్తే దయచేసి కాగితం మీద రాసి పంపండి, ఫోన్ చేయకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టెలిఫోన్ టెక్నీషియన్,
కోనసీమ